పన్నెండు బార్లు, ఆరు ఆవర్తాలు: పర్లాకిమిడిలో ఇద్దరు పిల్లల పాఠం

పిల్లలకి శాస్త్రీయ సంగీతం, సినిమా పాట, జాజ్ కలిపి నేర్పుతాను. ఈ కేసులో పిల్లలు ఇద్దరు. ఒకరు పదేళ్ల అమ్మాయి. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరసలు, జంటలు, సప్తతాళ అలంకారాలు దాటి గీతాల దగ్గరుంది. ఇంకొకరు పదమూడేళ్ల అబ్బాయి. మేనమామ బ్యాండు మేళంలో క్లారినెట్ వాయిస్తాడు. ఇద్దరివీ తెలుగు ఇళ్లే, బడి మాత్రం ఒడియా మీడియం. ఊరు గజపతి జిల్లా పర్లాకిమిడి. మహేంద్రతనయ ఒడ్డున ఉంటాం, ఆటో ఎక్కితే పాతపట్నం, అంటే ఆంధ్ర. పిల్లల పేర్లు రాయను. అమ్మాయిని పాప అంటాను, అబ్బాయిని గుంటడు అంటాను, మా వైపు మాటలో కుర్రాడని. మా క్లాసులో అందరూ వాణ్ని అలాగే పిలుస్తారు, వాడికీ అభ్యంతరం లేదు.

శాస్త్రీయ సంగీతం, సినిమా పాట, జాజ్ మూడూ కలిపి నేర్పుతానంటే నన్ను అడిగేవాళ్లు రెండు రకాలు. "మూడూ కలిస్తే ఏదీ రాదు కదండీ" అనేవాళ్లు ఒక రకం. "అయితే మావాడు టీవీ పోటీకి పనికొస్తాడా" అనేవాళ్లు ఇంకో రకం. ఇద్దరికీ జవాబు కావాలనే ఈ కేసు వివరంగా రాస్తున్నాను.

వచ్చేటప్పటికి

పాపకి పాఠం అంటే నోటుపుస్తకం. ఎర్ర ఇంకుతో స్వరం, కింద నీలం ఇంకుతో సాహిత్యం. మాయామాళవగౌళ సరళీ వరసలు మూడు కాలాల్లోనూ, అంటే మూడు వేగాల్లోనూ, తాళం తప్పకుండా పాడుతుంది. మూడో కాలంలో కూడా రిషభం (రి) పైకి జారదు. శుద్ధ రిషభాన్ని ఆ వయసులో అలా నిలబెట్టడం చిన్న విషయం కాదు, ఇంతకుముందు నేర్పినవారు శ్రద్ధగా నేర్పారు. మోహన రాగంలో గీతం పాడించాను, బాగుంది. "రెండో ఆవర్తం నుంచి అందుకో అమ్మా" అన్నాను. ఆవర్తం అంటే తాళం ఒక చుట్టు. పెదాలు కదులుతున్నాయి గానీ గొంతు రావడం లేదు. మొదటి ఆవర్తం మనసులో పాడుకుని, అది అయ్యాకే రెండోది పైకి ఎత్తుకుంది. సరే అని ఇంకొకటి అడిగాను: "స రి గ, ఈ మూడింటితో నాలుగు దెబ్బలకి సరిపడా నీకు తోచింది పాడు." నోటుపుస్తకం తిరగేసి చూసింది.

"ఇందులో లేదండి" అంది.

గుంటడిది దీనికి పూర్తిగా ఎదురు. పొద్దున ఫోనులో విన్న పాటని సాయంత్రానికి క్లారినెట్ మీద పలికిస్తాడు. స్వరాల పేర్లు తెలీవు, వేళ్లు తెలుసు. మామయ్య "ఇక్కడ మూడు మూయి, అక్కడ ఒకటి తెరు" అని చూపించాడు, వీడు పట్టుకున్నాడు. పాటకి ఆధార షడ్జం (స) ఏదో చూపించరా అంటే దిక్కులు చూశాడు. ఊరేగింపులో చుట్టూ డప్పులు, సైడ్ డ్రమ్ములు అదరగొడుతుంటే వాయించడం అలవాటు కాబట్టి పక్కవాడు ఏం వాయిస్తున్నాడో పట్టించుకోడు. నిజానికి అక్కడ వినపడదు కూడా. లయ ఒంట్లోనే ఉంది, కానీ ఉత్సాహం వస్తే పరుగు. చరణం మొదలయ్యే వేగం వేరు, ముగిసే వేగం వేరు.

ఇద్దర్నీ ఒక చాప మీద ఎందుకు కూర్చోబెట్టాను

మన పద్ధతిలో మనోధర్మం, అంటే అప్పటికప్పుడు సొంతంగా పాడటం, చివర్లో వచ్చే వరస. వర్ణాలు కావాలి, కృతులు కావాలి, రాగం ఒంటబట్టాలి, ఆ తర్వాతే కల్పన స్వరం. ఆ వరసకి కారణం ఉంది, నేను దాన్ని తీసిపారేయను. రాగం తెలియకుండా స్వరం వేస్తే లెక్కల కూడికలా ఉంటుంది. కానీ ఏళ్ల తరబడి రాసింది మాత్రమే పాడిన పిల్లలకి, సొంతంగా ఒక్క స్వరం పలకాలన్నా తప్పు చేస్తున్నామన్న బెరుకు పట్టుకుంటుంది. జాజ్ నేర్పేవాళ్లు ఇక్కడ వేరే దారి పట్టారు. మొదటి నెలల్లోనే రెండు మూడు స్వరాలిచ్చి "నేను అడుగుతాను, నువ్వు బదులు చెప్పు" అంటారు. అమెరికాలో నల్లవాళ్ల పొలం పాటల్లోంచి, చర్చి పాటల్లోంచి వచ్చిన ఈ సవాలు-జవాబు పద్ధతే జాజ్‌కి వెన్నెముక. నాకు కావలసింది అది. జాజ్ పాటలు నేర్పడం కాదు, ఆ అలవాటు నేర్పడం.

పాపకి లేనిది గుంటడికి ఉంది, గుంటడికి లేనిది పాపకి ఉంది. వేర్వేరుగా కూర్చోబెట్టి ఇద్దరికీ నేను చెప్పే బదులు, ఒకరి ముందు ఒకరిని పెడితే సగం పని వాళ్లే చేసుకుంటారనిపించింది.

ముందు శ్రుతి, అంటే స ఏ ఎత్తులో ఉండాలో, తేలాలి. పాప పాడేది హార్మోనియం మెట్ల లెక్కలో ఐదున్నర శ్రుతికి. గుంటడిది బీ ఫ్లాట్ క్లారినెట్, అంటే వాడి వేళ్లకి సులువైన మొదటి మెట్టు హార్మోనియం లెక్కలో ఆరున్నర. ఐదున్నరలో వాయించమంటే వాడికి మీటలు పెరుగుతాయి, చేతులు తడబడతాయి. ఆరున్నరలో పాడమంటే పాప తారస్థాయిలో ఇబ్బంది పడుతుందేమోనని చూశాను. మధ్య షడ్జం నుంచి తార రిషభం దాకా హాయిగానే పాడింది. అందుకే ఇద్దరూ కలిసే పాఠానికి ఆరున్నర, పాప సొంత సాధనకి ఎప్పటిలాగే ఐదున్నర. పిల్లల్ని జంటగా కూర్చోబెట్టాలనుకునే వాళ్లు ఈ ఒక్కటి ముందు తేల్చుకోకపోతే తర్వాత ఏం చేసినా గొంతు మీదే పడుతుంది.

క్లారినెట్‌లో ఇంకో విచిత్రం ఉంది. వేణువులో అదే వేళ్లతో గట్టిగా ఊదితే స పైస్థాయి స అవుతుంది. క్లారినెట్‌లో వెనక ఉన్న రిజిస్టర్ మీట నొక్కితే స కాస్తా పైస్థాయి ప అవుతుంది. గుంటడికి షడ్జ పంచమాల బంధుత్వం నేను చెప్పే పని లేకుండా ఆ మీటే చెప్పింది. తంబురా పెట్టి, కింద స ఊది, మీట నొక్కమన్నాను. "ఇది తంబురాలో ఉన్నదే కదండి!" అన్నాడు. ఆ రోజు నుంచి వాడికి స ఎక్కడుందో వెతకడం ఒక ఆటైపోయింది.

సినిమా పాటలో స ఎక్కడుంది

మొదలుపెట్టింది సినిమా పాటతోనే. ఇద్దరికీ ముందే వచ్చిన పాట, మోహన ఛాయలో నడిచేది, ఒకటి ఎంచుకున్నాను. పాప దాన్ని రాగంగా ఎప్పుడూ చూడలేదు, గుంటడు స్వరాలుగా ఎప్పుడూ చూడలేదు. పల్లవి మొదటి వరస ఫోనులో వినిపించి ఆపుతాను. పాట ఎక్కడ ఆగితే ఇంటికొచ్చినట్టు ఉంటుందో దాన్ని గుంటడు పట్టుకోవాలి. అది స. మిగతా స్వరాలు పాప పేర్లు పెట్టాలి. వాడు ఒక్కో స్వరం ఊదుతాడు, ఆమె "గ", "ప", "కాదు, ద" అంటుంది. ఆమె నోటుపుస్తకంలో లేని స్వరలిపి ఆమే రాసింది. అందులో రెండు చోట్ల తప్పుంది. నేను దిద్దలేదు, పాడించాను. పాడగానే తనే కొట్టేసి దిద్దుకుంది.

సినిమా పాట దగ్గర ఎక్కువ రోజులు నిలబడలేదు. దాని వల్ల వచ్చే లాభం జ్ఞాపకం, పలుకుబడి, వరసని ఎక్కడ విరవాలో తెలియడం. అవి వీళ్లిద్దరికీ కావలసినంత ఉన్నాయి. వేరే పిల్లలైతే అక్కడే ఎక్కువ ఉండేవాణ్ని.

గుంటడికి శాస్త్రీయం వైపు వంతెన వేసింది నోట్టు స్వరాలు. ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) మద్రాసు వైపు ఇంగ్లీషు బ్యాండ్లు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం రాశారు, అవే నోట్టు స్వరాలు. అన్నీ శంకరాభరణం స్వరాల్లోనే, గమకాలు, అంటే స్వరాన్ని ఊపడాలు, లేకుండా సూటిగా నడుస్తాయి. బ్యాండు ఇంట్లో పుట్టినవాడికి ఇంతకంటే దగ్గరి శాస్త్రీయ రచన ఏముంటుంది! రెండు పాఠాల్లోనే ఒకటి పట్టేశాడు. సరళీ వరస కూర్చోబెట్టి చెప్పి ఉంటే మూడో రోజే మానేసేవాడని వాళ్ల మామయ్యే అన్నాడు.

జాజ్ సంగతి చెప్పడానికి కూడా ఆ బ్యాండే పనికొచ్చింది. న్యూ ఆర్లియన్స్‌లో ఊరేగింపులకీ శవయాత్రలకీ వాయించే ఇత్తడి బ్యాండ్ల నుంచే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జాజ్ రూపు కట్టింది. కార్నెట్ (ట్రంపెట్ లాంటి బాకా), క్లారినెట్, ట్రాంబోన్, డ్రమ్ములు, అంటే దాదాపు మన పెళ్లి బ్యాండు సామాన్లే. రెండు చోట్లా అవి సైన్యాల బ్యాండ్ల నుంచి దిగిన వాయిద్యాలే. జాజ్‌లో పేరుమోసిన లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ 1901లో పుట్టాడనీ, పదకొండేళ్ల వయసులో కొత్త సంవత్సరం రాత్రి వీధిలో తుపాకీ పేల్చినందుకు పిల్లల ఆశ్రమంలో పెట్టారనీ, అక్కడి బ్యాండులోనే కార్నెట్ సరిగ్గా నేర్చుకున్నాడనీ చెప్పాను. గుంటడు తుపాకీ దగ్గరే ఆగిపోయాడు. "ఎవరికీ తగల్లేదా మేస్టారూ?" తగల్లేదు, గాల్లోకి పేల్చాడు అన్నాక మిగతాది విన్నాడు.

మూడు స్వరాలు, ఎనిమిది దెబ్బలు

అసలు పని ఇక్కడ. మోహనలో స, రి, గ మాత్రమే. ఆదితాళం. మొదటి నాలుగు దెబ్బలు, అంటే లఘువు, ఒకరు అడగాలి. తర్వాతి రెండు ద్రుతాలూ, అంటే మిగతా నాలుగు దెబ్బలూ, ఇంకొకరు బదులివ్వాలి. నియమాలు మూడే పెట్టాను. అడిగేవాళ్లు స మీద ఆగకూడదు. బదులిచ్చేవాళ్లు స మీదే దిగాలి. ఇద్దరూ తమ నాలుగు దెబ్బల్లో కనీసం ఒక దెబ్బ ఖాళీగా వదలాలి.

ఆ మూడో నియమం గుంటడి కోసం పెట్టింది. మేలు జరిగింది పాపకి. నాలుగు దెబ్బలూ నింపాలనుకున్నంతసేపూ ఆమెకి గొంతు పెగల్లేదు. ఒకటి ఖాళీ వదలమనేసరికి మిగిలింది మూడే కదా అనుకుంది కాబోలు, "గ, రి, స" అని దించి ఊరుకుంది. అది సరళీ వరసలోంచి వచ్చిందే, ఆమె కల్పన అనలేం. అయినా మెచ్చుకున్నాను. రెండో వారానికి "గ - రిగ స" అని ఒక సందు పెట్టింది. ఆ సందు ఏ పుస్తకంలోంచీ రాలేదు.

గుంటడికి ఖాళీ వదలడమే కష్టం. ఊపిరి తీసుకోవాల్సిన చోట తప్ప వాడు ఆగడు. పాప అడిగిన దానిలోంచి ఒక్క ముక్కైనా నీ జవాబులో వినపడాలి అని వాడికి మాత్రం నాలుగో నియమం కలిపాను. దాంతో వినక తప్పలేదు. ఒకసారి పాప "సరిగా - రి" అని అడిగితే వాడు "రిగసా - స" అన్నాడు. పాప వెంటనే "అన్నా, నువ్వు నాది తిప్పి చెప్పావు!" అంది. తిప్పి చెప్పడం అనే మాట వాళ్లిద్దరికీ అప్పుడే దొరికింది. ఆ తర్వాత నెల్లాళ్లు అన్నీ తిప్పి చెప్పడాలే.

మూడు స్వరాలు కుదిరాక ప కలిపాను, తర్వాత ద. గడువు కూడా మార్చాను. కచేరీల్లో గాత్రం, వయొలిన్ స్వరాలు పంచుకుంటూ రెండు ఆవర్తాలు, ఒకటి, అర, పావు అని కురచ చేసుకుంటూ పోతారు, కురైప్పు అంటాం. జాజ్‌లో నాలుగేసి బార్లు (బారు అంటే ఇక్కడ నాలుగు దెబ్బల ముక్క) పంచుకుంటారు, అక్కడ చివరిదాకా వాటా సమానం. పిల్లలకి ముందు జాజ్ పద్ధతే సులువు. వాటా మారదు కాబట్టి లెక్క మీద కాక ఎదుటివాడి మీద చెవి ఉంటుంది. కురైప్పు తర్వాత పెట్టాను. పాపకి అది ఇష్టం, లెక్క ఉంది కాబట్టి.

స్వింగ్ నడకకి కొత్త పాఠం అక్కర్లేకపోయింది. ఒక దెబ్బలో రెండు స్వరాలు సమానంగా పడకుండా మొదటిది సాగి, రెండోది కురచగా పడటమే అది. తిశ్ర గతిలో, అంటే దెబ్బకి మూడు అక్షరాలుగా, "తకిట" అని, మధ్య "కి" నోట్లోనే మింగేయమన్నాను: "త - ట, త - ట". చాలు. వేగం పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గి దాదాపు సమానమైపోతుంది, గొప్ప వాద్యకారులు వాయించినా అంతే, కాబట్టి పిల్లలకి మెల్లగానే నేర్పాలి. గుంటడు వెంటనే "ఇది మేం ఊరేగింపులో వాయించే దరువేనండి" అని తొడ మీద వాయించి చూపించాడు. ఇక్కడ వాడు గురువు, పాప శిష్యురాలు. వారం రోజులు పాపకి ఆ నడక వాడే నేర్పాడు. నేను కాఫీ తాగాను.

నానమ్మగారి మాట

ఇది జరుగుతుండగా పాప నానమ్మగారు వచ్చారు. ఇంట్లో పిల్ల "త-ట, త-ట" అంటూ మెట్లు దిగుతోందట. "మా గుంటకి సంగీతం చెప్పమంటే ఈ తైతక్కలేటి బాబూ?" అన్నారు. కోపం కాదు, దిగులు. సంగీతం పరీక్ష కట్టించాలన్నది వాళ్ల ఆశ. బ్యాండు మేళం పిల్లాడి పక్కన కూర్చోబెట్టారన్న మాట పైకి అనలేదు గానీ, ఆ వాసన తగిలింది. దాని మీద నేనూ ఏమీ అనలేదు, పాఠం విని వెళ్లమన్నాను.

"మామ్మగారూ, మీ చిన్నప్పటి సినిమా పాటల్లో మీకు నచ్చినది ఒకటి అనండి" అని అడిగాను. అన్నారు. 50ల నాటి క్లబ్బు పాటల తరహాది. చెయ్యి వేసి తాళం చూపించమన్నాను. ఆ చెయ్యి స్వింగ్‌లోనే పడింది. బొంబాయి సినిమా సంగీతంలో ఆ రోజుల్లో వాద్యబృందాలు నడిపిందీ, స్వరాలు పేర్చిందీ చాలామటుకు గోవా వాద్యకారులు. సెబాస్టియన్ డిసౌజా, ఆంథోనీ గొన్సాల్వెస్, ఫ్రాంక్ ఫెర్నాండ్ లాంటివాళ్లు. సంగీత దర్శకుడు సి. రామచంద్ర దగ్గర ట్రంపెట్ వాయించిన చిక్ చాకొలేట్ అసలు జాజ్ మనిషే. ఆ గాలి మద్రాసు స్టూడియోలకీ తగిలింది. ఆవిడకి ఈ పేర్లతో పని లేదు, చెప్పలేదు. పాప చేత మాయామాళవగౌళ మూడు కాలాలూ పాడించి, ఏదీ పోలేదని చూపించాను. "సరే, పరీచ్చ మాత్రం పోగొట్టకు బాబూ" అని వెళ్లారు. పరీక్ష పాఠాలు వారంలో విడిగా ఒక రోజు పెట్టాను. ఆ ఒప్పందం ఇప్పటికీ నడుస్తోంది.

నా మటుకు నాకు శాస్త్రీయ వాద్యకారులు జాజ్ వేదికలెక్కడం కొత్తేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఇంకా పిల్లాడే.

ఆరు ఆవర్తాల బ్లూస్

బ్లూస్ (అమెరికా నల్లవాళ్ల పాట పద్ధతి) చట్రం పన్నెండు బార్లు, బారుకి నాలుగు దెబ్బలు. మొత్తం నలభై ఎనిమిది. అంటే సరిగ్గా ఆరు ఆదితాళ ఆవర్తాలు. ఇది పిల్లలకి చెబితే ముందు నమ్మలేదు, చేత్తో వేసి చూసుకున్నారు. కింద ఆధారం ఇలా మారుతుంది: మొదటి రెండు ఆవర్తాలు స. మూడో ఆవర్తం మ. నాలుగు మళ్లీ స. ఐదో ఆవర్తంలో లఘువు ప, ద్రుతాలు మ. ఆరు స. గుంటడు కింద ఆధార స్వరం పట్టుకోవాలి, పాప పైన పాడాలి. తర్వాత మార్చుకోవాలి.

స్వరాలు శుద్ధ ధన్యాసి: స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం. దానికి ప్రతి మధ్యమం (శుద్ధ మధ్యమానికి పై మెట్టు) ఒకటి తగిలిస్తే బ్లూస్ వాళ్లు వాడే స్వరవరస అవుతుంది. రాగం కాదిది, రాగమని పాపకి చెప్పలేదు కూడా. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదన్నది ఆ వయసుకి తెలియాల్సిన విషయమే.

చిక్కు మూడో ఆవర్తంలో వచ్చింది. ఆధారం మ కి జరగగానే పాప గొంతు దానితో పాటే జరిగిపోయేది. మ ని స అనుకునేది. నాలుగో ఆవర్తానికి తిరిగొచ్చేసరికి ఎక్కడుందో తెలీక ఆగిపోయేది. ఇందులో ఆశ్చర్యం లేదు. ఆమె నేర్చుకున్న సంగీతంలో తంబురా కదలదు. పాడేవాళ్లు ఎక్కడికి తిరిగినా నేల అక్కడే ఉంటుంది. గ్రహభేదం (ఇంకో స్వరాన్ని స గా పెట్టుకుని పాడటం) చేసినా విద్వాంసులు కాసేపు చేసి చూపిస్తారు, తంబురా మాత్రం మారదు. ఇక్కడ నేలే కదులుతోంది.

ఆధారాలు మార్చడం ఆపి, కొన్నాళ్లు ఒకే ఆధారం మీద పాడించాను. జాజ్‌లోనూ ఇలాంటి మలుపు ఒకటుంది. 50ల చివర్లో ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ లాంటివాళ్లు గబగబా మారే ఆధారాలతో విసిగి, ఒకే స్వరవరస మీద చాలాసేపు నిలబడి వాయించడం మొదలుపెట్టారు. వాళ్లు ఎక్కువ వాడిన డోరియన్ అనే వరస మెట్లు మన ఖరహరప్రియవే. పాపకి ఇది నీళ్లలో చేప. తర్వాత మూడో ఆవర్తం మాత్రం మార్చాను, తంబురా సన్నగా మోగుతూనే ఉంచి. చెవిలో ఒక మూల స నిలబడి ఉంటే, కింద మ వచ్చినా బెదిరిపోలేదు. ఐదో ఆవర్తం అన్నిటికంటే ఆఖర్న కుదిరింది. ఇప్పుడు తంబురా లేకుండా కూడా ఆరు ఆవర్తాలూ వెళ్లి వస్తుంది.

బ్లూస్‌లో అసలు రుచి గాంధారంలో ఉంది. కింద స ఆధారంలో అంతర గాంధారం (పై మెట్టు గ) మోగుతుంటే పైన సాధారణ గాంధారం (దాని కింది మెట్టు గ) పాడతారు. అదీ పూర్తిగా సాధారణం కాదు, రెండింటి మధ్య ఊగుతుంటుంది. "రెండు గాంధారాలు ఒకేసారి ఎలాగండి?" అని పాప మొహం చిట్లించింది. కీబోర్డు మీద చూపించలేం, అక్కడ రెండు మెట్ల మధ్య ఏమీ లేదు. "ఖరహరప్రియలో గాంధారం ఎలా ఊపుతావో అలా ఊపు, కానీ పైకి కాస్త ఎక్కువ లాగు" అన్నాను. ఒక్కసారికే వచ్చింది. గుంటడు పెదవి వదులు చేసి క్లారినెట్‌తో దాన్ని వెంబడించాడు, వాడికి వారం పట్టింది. ఆ స్వరం పాప గొంతులోకి తెచ్చింది జాజ్ కాదు, గమకం సాధన. మూడూ కలిపితే ఏదీ రాదనేవాళ్లకి నేను చూపించేది ఇదే.

బ్లూస్ పాటలో మాట కూడా ఒక పద్ధతిలో ఉంటుంది. ఒక వరస, మళ్లీ అదే వరస, మూడో వరసలో జవాబు. ఒక్కోదానికి నాలుగు బార్లు, మన లెక్కలో రెండు ఆవర్తాలు. సొంతంగా కట్టమన్నాను. వేసవి సాయంత్రం, కరెంటు లేదు. ఇద్దరూ కలిసి కట్టింది ఇది:

కరెంటు పోనాది అమ్మా, దోమ పోనేదు
కరెంటు పోనాది అమ్మా, దోమ పోనేదు
ఫేను తిరగనేదు, నాకు నిద్దర రానేదు

"పోనాది" దగ్గర పాప ఆ ఊగే గాంధారం వేసింది, నేను చెప్పలేదు. బడిలో ఒడియా, పుస్తకంలో శిష్ట తెలుగు, పాటలో ఇంటి మాట. క్లాసులో ఉన్న ఒడియా పిల్లలు కూడా రెండోసారికే అందుకున్నారు.

కీబోర్డు గాంధారం

ఒక నష్టం నమోదు చేయాలి. కీబోర్డుతో పాడిన రోజుల తర్వాత పాప మోహనలో అంతర గాంధారం కాస్త పైకి జరిగింది. కారణం తెలిసిందే. తంబురాలో సహజంగా వినపడే గాంధారం షడ్జానికి 5/4 నిష్పత్తిలో ఉంటుంది. స నుంచి పై స దాకా ఉన్న స్థాయిని 1200 సెంట్లుగా లెక్కిస్తే అది 386 దగ్గర. కీబోర్డులో అదే స్వరం 400. పద్నాలుగు సెంట్ల తేడా పెద్దవాళ్లకే పట్టదు గానీ, చెవి తయారవుతున్న వయసులో అది అలవాటుగా మారుతుంది. అప్పటి నుంచి కీబోర్డు మీద ఆధార స్వరం, దాని పంచమం మాత్రమే మోగిస్తాను, గాంధారం నేను నొక్కను. పాఠం మొదటి సగం తంబురాతోనే. పాప గాంధారం తిరిగి దిగింది. జాజ్ నేర్పడానికి కీబోర్డే కావాలని మంకుపట్టు పట్టే టీచర్లు గాత్రం పిల్లల విషయంలో ఇది చూసుకోవాలి.

ఏం మారింది, ఏం మారలేదు

నెలకోసారి ఫోనులో రికార్డు చేసి మూడే గమనించాను: సరైన చోట స మీద దిగుతున్నారా, సొంతంగా వేసేటప్పుడు చేతిలో తాళం నిలుస్తోందా, ఎదుటివాళ్ల ముక్క జవాబులో వినపడుతోందా. మార్కులు వేయలేదు. మార్కులు వేస్తే పాప వాటి కోసమే పాడుతుంది.

పాప ఇప్పుడు మోహనలో రెండు ఆవర్తాల స్వరం వేసి ఎత్తుగడకి, అంటే పాట అందుకునే చోటికి, దిగుతుంది. గీతాన్ని ఎక్కడి నుంచి అందుకోమన్నా అందుకుంటుంది. మాయామాళవగౌళలో మాత్రం ఇంకా నోరు మెదపదు, అది ఆమెకి పాఠం రాగం, ఆట రాగం కాదు. ఇంట్లో చుట్టాల ముందు పాడమంటే నోటుపుస్తకం తెచ్చుకుంటుంది.

గుంటడు స్వరాల పేర్లు చెబుతాడు, ఏ పాటకైనా స వెతుకుతాడు. కూర్చుని వాయించేటప్పుడు వేగం నిలుస్తుంది. రోడ్డెక్కితే మళ్లీ పరుగే. మాఘం వచ్చిందంటే పెళ్లిళ్లు, వాడు వారాలకొద్దీ కనపడడు, వచ్చాక కొంత మళ్లీ మొదటికి. దానికి మందు లేదు, వాడి ఇంటి బువ్వ అది. మామయ్య ఫిర్యాదు వేరే: "మీరు ఖాళీ వదలమన్నారంటండి, ఊరేగింపులో మధ్యమధ్య ఆగుతున్నాడు. జనం వీడికి ఊపిరి అందట్లేదనుకుంటున్నారు." పెళ్లిలో నింపి వాయించు, క్లాసులో ఖాళీ వదులు అని వాడికి చెప్పాను. రెండింటికీ తేడా వాడికి తెలుసు.

ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఆధారాలు మార్చే పాఠం నేను పెట్టను, ఒకే ఆధారం మీద సవాలు-జవాబు చాలు. షడ్జం ఇంకా నిలవని పిల్లలకి, వయసెంతైనా, అంతే.

ఈ మధ్య ఒక ఒడియా అబ్బాయి చేరాడు, మర్దళ (ఒడిశా మద్దెల) నేర్చుకుంటున్నాడు. వాళ్లింట్లో ఈ ఊరి కవి గోపాలకృష్ణ పట్టనాయక్ (1784–1862) ఒడిస్సీ పాటలు పాడతారు. అతనికి బాగా వచ్చిన తాళం ఖెమటా, ఆరు మాత్రలు. ఆరు ఆవర్తాల బ్లూస్‌లో దాన్ని ఆదితాళం పక్కన దెబ్బకి దెబ్బ పెడితే, ఆధారం మారే కొన్ని చోట్ల ఖెమటా మధ్యలో ఉండిపోతుంది, అతను తికమకపడ్డాడు. దెబ్బకి మూడు మాత్రలు వేసుకుంటే, రెండు దెబ్బలకి ఒక ఖెమటా, బారుకి రెండు, ఆధారం ఎప్పుడు మారినా సమ (తాళం మొదటి దెబ్బ) మీదే పడుతుంది. పైగా స్వింగ్ నడక దానంతట అదే వస్తుంది. గుంటడు పెళ్లిళ్ల నుంచి తిరిగొచ్చేలోగా పాపా, ఈ అబ్బాయీ మొదటి నాలుగు ఆవర్తాలు కుదుర్చుకుంటున్నారు. ఐదోది గుంటడు వచ్చాకే, ఆధారం పట్టేది వాడే కాబట్టి.